ఎప్‌కాట్‌: ఒక ఉద్దానం రైతు చూసినంత

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి వైపు, అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు ఇప్పుడు తక్కువేం కాదు. "వీసా వచ్చింది, మావాడు డిస్నీకి తీసుకెళ్తానంటున్నాడు, ఈ వయసులో మనకి అక్కడేం పని బాబూ?" అని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. మా అబ్బాయి ఉండేది ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండోకి దగ్గర్లోనే. వెళ్ళినప్పుడల్లా పాసు తీసి పెడతాడు. అక్కడున్న నాలుగు డిస్నీ పార్కుల్లో నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళింది ఎప్‌కాట్‌కే.

డిస్నీ కంపెనీ పెట్టిన వాల్ట్ డిస్నీ 1966లో ఈ పేరుతో అనుకున్నది పార్కు కాదు, మనుషులు నిజంగా కాపురాలుండే రేపటి పట్నం. ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన పోయాడు. తర్వాత కంపెనీవాళ్ళు దాన్ని పార్కుగా మార్చి 1982 అక్టోబరు 1న తెరిచారు. ఒకవైపు సైన్సు, ఇంకోవైపు చెరువు చుట్టూ ఒక్కో దేశం పేరుతో కట్టిన మండపాలు.

లోపలికి అడుగు పెట్టగానే నేల నుంచి 180 అడుగుల ఎత్తు లేచిన తెల్లటి గోళం కనిపిస్తుంది. దాని మీద 11,324 ముక్కోణపు పలకలున్నాయట. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతుంటే నేను పలకల మధ్య సందులు చూస్తూ నిలబడ్డాను. వాన పడితే నీరు కింద జనం మీద కారదు. ఆ సందుల్లోంచి లోపలి కాలవల్లోకి దిగి చెరువులోకి పోతుంది. తాగే నీళ్ళ కోసం ఉద్దానం పడ్డ పాట్లు తెలిసినవాడికి ఇలాంటివే కంటికి ఆనతాయి. గోళం లోపల పావుగంట బండి ప్రయాణం. గుహల్లో గీసిన బొమ్మల దగ్గర్నుంచి కంప్యూటరు దాకా మనిషి కబురు ఎలా పంపాడో చూపిస్తారు. గోళం పైనుంచి కిందికి వచ్చేటప్పుడు బండి వెనక్కి దిగుతుంది, మెడనొప్పి ఉన్నవాళ్ళు ముందే సర్దుకుని కూర్చోండి.

ఇక నా సంగతి. టికెట్ డబ్బులు నాకు గిట్టుబాటయ్యేది 'లివింగ్ విత్ ది ల్యాండ్'లో. పడవలో కూర్చోబెట్టి గ్రీన్‌హౌసుల్లోంచి తీసుకెళ్తారు. వంకాయ, బొప్పాయి, అరటి అన్నీ ఉన్నాయి. పనస చెట్టు కనబడగానే మా ఆవిడ "అదిగో మన చెట్టు" అని పడవలో అందరికీ వినబడేలా అరిచింది. కొన్ని మొక్కలకి మట్టే లేదు. వేళ్ళు గాల్లో వేలాడుతుంటాయి, మొక్కలు గొలుసుకి కట్టినట్టు పైన కదులుతూ వెళ్ళి ఎరువు కలిపిన నీటి జల్లులో తడిసి వస్తాయి. ఆ నీటి బొట్లు వేరు కొసన ఆగి ఉండటం దగ్గర్నుంచి చూడొచ్చు. ఇక్కడ పండిన కూరగాయలే పార్కు హోటళ్ళలో వండుతారు.

ఇక్కడి టమాటా చెట్టు ఒకటి 2005-06లో ఏడాదికి 32 వేల పైచిలుకు కాయలు కాసి గిన్నిస్ రికార్డు కెక్కింది. మొత్తం బరువు 522 కిలోలు. లెక్క కట్టాను, కాయకి 16 గ్రాములు. మన సంతలో ఆ సైజు టమాటా ఎవరూ ముట్టుకోరు! అయినా ఒక్క మొక్క నుంచి అంత దిగుబడి అంటే తమాషా కాదు. తిత్లీ తుఫానులో కొబ్బరి చెట్లు పడిపోయాక మళ్ళీ మొక్క నాటి ఏళ్ళ తరబడి కాపు కోసం చూసినవాణ్ణి, ఆ గాజు కప్పు కింద సాగు చూస్తే కుళ్ళు కూడా పుట్టింది. వ్యవసాయం తెలిసినవాళ్ళు వేరే టికెట్ కొనుక్కుని 'బిహైండ్ ది సీడ్స్' అనే నడక టూర్‌కి వెళ్ళండి. పడవలోంచి అడగలేని ప్రశ్నలు అక్కడ అడగొచ్చు.

దేశాల వైపు పదకొండు ఉన్నాయి: మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా. ఇండియా లేదు. మా ఆవిడ దీన్ని ఇప్పటికీ క్షమించలేదు. నిజం చెప్పాలంటే సగం దేశాలు నాకు షాపులూ హోటళ్ళలాగే అనిపించాయి. మొరాకో మాత్రం వేరు. ఆ దేశపు పనివాళ్ళే వచ్చి అతికించిన రంగు పెంకుల గోడల ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు. అక్కడి సిబ్బంది బిళ్ళ మీద పేరుతో పాటు సొంత ఊరు కూడా ఉంటుంది. ఇంగ్లీషు అంతంతమాత్రమైనా ఆ ఊరి పేరుతో మాట కలపొచ్చు. చెరువు చుట్టూ నడక దాదాపు 2 కిలోమీటర్లు. కాళ్ళు లాగితే అమెరికా హాల్లోకి దూరండి, ఏసీలో అరగంట బొమ్మల నాటకం.

రాకెట్లో వెళ్ళినట్టు అనిపించే 'మిషన్ స్పేస్' రైడ్ జోలికి బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు పోవద్దు. గిరగిరా తిప్పే ఆరెంజ్ రకం అసలే వద్దు. గ్రీన్‌లో తిప్పుడు లేదు గానీ నాకదీ అక్కర్లేదనిపించింది.

తిండికి టెన్షన్ పడకండి. ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు మాత్రం వద్దు. మా ఆవిడ పులిహోర డబ్బాని సెక్యూరిటీవాళ్ళు మూత తీసి చూసి నవ్వి ఇచ్చేశారు. కౌంటర్లలో అడిగితే ఐస్ నీళ్ళు ఊరికే ఇస్తారు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం ఉరుములతో వాన, పొద్దున మన రోహిణి ఎండ. పిల్లల్ని ఒప్పించి డిసెంబరు పండగ సెలవులు దాటాక, జనవరి చివర్లో పెట్టుకోండి. దేశాల వైపు మామూలుగా పదకొండింటికి గానీ తెరవరు కాబట్టి పొద్దున్నే పడవ ఎక్కేయండి.