స్కిన్ స్కీలు: ఒక పూర్తి సీజన్ వాడాక

పాదం కింద వెంట్రుకల పట్టీ అతికించిన ఈ క్రాస్ కంట్రీ స్కీలతో ఎక్కుడులో కాలు వెనక్కి జారదు. ఇంత పొడుగు సమీక్ష రాయడానికి కారణం ఆ ఒక్క సంగతే. పొడవు, బరువు, బేస్ రకం లాంటివి కొనేముందు ఎవరైనా చూసుకుంటారు, వాటి జోలికి వెళ్లను. కృత్రిమ మంచు మీద మొదలయ్యే తొలి రోజుల నుంచి వసంతంలో ట్రాకులు కరిగి నీళ్లయ్యే దాకా నా క్లాసిక్ (ట్రాకుల్లో స్కీలను నేరుగా ముందుకి జార్చే పద్ధతి) శిక్షణ దాదాపుగా వీటి మీదే సాగింది. క్లాసిక్ పోటీల్లో కూడా ఎక్కువ భాగం వీటితోనే దిగాను.

మామూలు స్కీల అడుగున పట్టు కోసం రాసే వ్యాక్స్ (మైనం) గోల ఈ ఆటలో ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. గాలి ఎంత చల్లగా ఉంది, మంచు ఎంత చల్లగా ఉంది, రాత్రి పడిందా, వారం నాటిదా, ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందా, ఇవన్నీ చూసుకుని ఏ రంగు వ్యాక్స్ వేయాలో ఎంచుకోవాలి. పలచగా పూత మీద పూత వేస్తూ కార్క్ ముక్కతో రుద్దాలి. ఇంతా చేశాక కాస్త ఎండెక్కితే లెక్కంతా తారుమారు. నేను ఉద్యోగానికి వెళ్లేముందు, ఇంకా చీకటి ఉండగానే, తలకి లైటు కట్టుకుని శిక్షణ చేసేదాన్ని. దొరికే ఆ కాస్త సమయంలో వ్యాక్స్ కుదరక వెనక్కి వచ్చి మళ్లీ రుద్దుకోవడమంటే ఆ పూట శిక్షణ పోయినట్టే. స్కిన్ స్కీలు వచ్చాక సంచిలోంచి తీయడం, బూటు తగిలించడం, వెళ్లిపోవడం. దీన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

పాదం కింద మొహేర్ పట్టీ ఉంటుంది. అంగోరా మేక వెంట్రుకలతో చేసినది. కొన్నిటిలో నైలాన్ కూడా కలుపుతారు. వెంట్రుకలన్నీ వెనక్కి వాలి ఉంటాయి కనుక ముందుకి జారేటప్పుడు అణిగిపోతాయి, వెనక్కి తోసినప్పుడు మంచుని పట్టుకుంటాయి. బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉన్నప్పుడు, మధ్యలో పైకి లేచి ఉండే స్కీ వంపు వల్ల పట్టీ మీద పెద్దగా ఒత్తిడి పడదు. బరువంతా ఒక్క కాలి మీదికి తెచ్చి కిందికి నొక్కితేనే పూర్తిగా దిగుతుంది. ఇంతవరకు అందరూ చెప్పేదే. వాడితేగాని తెలియని లాభం ఇంకొకటి ఉంది: ఆ పట్టు నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది.

వ్యాక్స్ వేసిన స్కీ వెనక్కి జారితే కారణం తేలేది కాదు. వ్యాక్స్ కుదరలేదా, నా తుంటి వెనకబడిందా? ఎక్కుడు మీద విడతలు విడతలుగా వేగంగా వెళ్లే ఇంటర్వెల్స్‌లో ఇది మరీ ఇబ్బంది. కృత్రిమ మంచు రవ్వలు గరుగ్గా ఉంటాయి, వ్యాక్స్‌ని గీరేస్తాయి. చివరి రౌండ్లకి వచ్చేసరికి పట్టు సగం పోయేది. గుండె వేగం, రౌండు సమయం పక్కపక్కన పెట్టుకుని చూసినా, నెమ్మదించింది నేను అలసినందుకా, వ్యాక్స్ అరిగినందుకా అన్నది తెలిసేది కాదు. స్కిన్ మీద మొదటి రౌండుకీ చివరి రౌండుకీ పట్టులో తేడా లేదు. ఒకే ఎక్కుడు మీద, ఒకే గుండె వేగంతో, సీజన్ మొదట్లో ఎంత సమయం పట్టింది, జనవరిలో ఎంత పట్టింది అని పోల్చుకోగలిగాను. ఆ తేడా కళ్లారా చూసుకున్న రోజు నాకు కలిగిన ఆనందం ఏ పోటీ ఫలితమూ ఇవ్వలేదు.

వేగం మాటకొస్తే, మొదట్లో దిగుళ్లలో అందరూ నన్ను దాటుకుపోయేవాళ్లు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను ముందుకి జరిపితే పట్టు పెరుగుతుంది, వెనక్కి జరిపితే జారుడు పెరుగుతుంది. నాది పనిముట్టు లేకుండానే జరపగలిగే రకం. ఒక గడి వెనక్కి జరిపాక చాలావరకు సర్దుకుంది. సున్నా డిగ్రీలకి కొంచెం కిందున్న పాత మంచు మీద వ్యాక్స్ స్కీల పక్కన ఏమాత్రం తీసిపోలేదు. బాగా చలి పడి, పొడి మంచు కొత్తగా పడ్డ రోజుల్లో మాత్రం తేడా తెలుస్తుంది. మైనస్ పన్నెండు ప్రాంతంలో, సరిగ్గా వ్యాక్స్ కుదిరిన స్కీ ముందు ఇవి నిలవవు. గడి ఎంత మార్చినా అంతే.

ఇక జరిగినది చెబుతాను. సీజన్ మధ్యలో ఒక 30 కిలోమీటర్ల క్లాసిక్ పోటీ, అందరూ ఒకేసారి బయల్దేరేది. మొదటి సగం లోయలో, ఆ తర్వాత పొడవాటి ఎక్కుడు, పైన చెట్ల నీడలో చుట్టు తిరిగి మళ్లీ కిందికి. రాత్రి నుంచి ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఊగుతోంది. పొద్దున ఆగుతుందన్న మంచు ఆగలేదు, బయల్దేరే చోట తడి రేకులు పడుతున్నాయి. ముందురోజు సాయంత్రమే స్కిన్‌ని శుభ్రం చేసి, మంచు అంటకుండా రాసే ద్రవం సీసా మీద చెప్పినట్టే రాసి, రాత్రంతా ఆరనిచ్చాను. చుట్టూ వ్యాక్స్ వాళ్లు కంగారుగా రుద్దుకుంటూ, గీక్కుంటూ ఉంటే నేను నిశ్చింతగా నిలబడ్డాను.

లోయలో నిజంగానే ఎగిరిపోయినట్టు సాగింది. వ్యాక్స్ వాళ్లలో కొందరు అక్కడే ఆగి అడుగున పేరుకున్న మంచు దులుపుకుంటున్నారు. నేను ఒక్కొక్కరినే దాటుకుంటూ పైకెక్కాను. ఎక్కుడు పైభాగంలో చలి పెరిగింది. అక్కడి మంచు పొడిగా, కొత్తగా ఉంది. కిందున్నంతసేపూ పట్టీ నీళ్లు పీల్చుకుంది. ఆ తడి పట్టీకి పైన పొడి మంచు రవ్వలు అతుక్కున్నాయి, అతుక్కున్నవి గడ్డకట్టాయి. మొదట జారుడు కొంచెం బరువైంది. ఇంకాస్త వెళ్లేసరికి స్కీ అసలు ముందుకి జారడమే మానేసింది. రెండు పాదాల కిందా మంచు దిమ్మలు. పైన చదునుగా ఉన్నచోట, అందరూ హాయిగా జారుతూ వెళ్లే చోట, నేను నడిచాను.

ట్రాకు పక్కకి తప్పుకుని ఒక స్కీ అంచుతో రెండోదాని అడుగుని గీకాను. ఊడింది. కొద్ది అడుగుల్లోనే మళ్లీ పట్టేసింది. నీళ్లిచ్చే చోట నిలబడ్డ స్వచ్ఛంద కార్యకర్త తన జేబులోని ప్లాస్టిక్ గీకుడు బిళ్ల ఇచ్చాడు. స్కీలు విప్పి రెండూ నున్నగా గీకాను. గీకేటప్పుడు పట్టీ ముందు అంచున కొన్ని వెంట్రుకలు ఊడి వచ్చాయి, ప్రాణం ఉసూరుమంది. లోయలో దాటినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు నన్ను దాటి వెళ్లారు. దిగుడు మొదలయ్యాక, తడి ట్రాకులోకి మళ్లీ వచ్చాక, దానంతటదే కరిగిపోయింది. చివరి కిలోమీటర్లు ఏమీ జరగనట్టే జారాయి. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది: శరీరంలో శక్తి మొత్తం మిగిలే ఉంది.

ఆ రోజు హాయిగా వెళ్లినవాళ్లు జీరో స్కీలవాళ్లు. వాటి అడుగున పట్టు భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, అతుక్కోకుండా ద్రవం పూస్తారు. సరిగ్గా సున్నా దగ్గర, కొత్త తడి మంచు మీద పనికొచ్చేది అదే. ఆ ఒక్క వాతావరణం తప్పితే ఎందుకూ పనికిరాదు, అందుకే నా దగ్గర లేదు.

తర్వాత తెలిసినవాళ్లని అడిగి, నేనూ ప్రయత్నించి తేల్చుకున్నది ఇది. కొత్త స్కిన్‌కి ఉండే రక్షణ పూత వాడేకొద్దీ పోతుంది. ట్రాకులో ఇతరుల స్కీల నుంచి రాలిన వ్యాక్స్, చెట్ల మురికి పట్టీలో ఇరుక్కుంటాయి. ఆ మురికి మీద ద్రవం రాస్తే లోపలికి దిగదు. ఇప్పుడు శుభ్రపరిచే ద్రవంతో తుడిచి, ముందు నుంచి వెనక్కి బ్రష్ చేసి, వెచ్చటి గదిలో పూర్తిగా ఆరాకే రాస్తున్నాను. అదీ రెండుసార్లు. ఒకప్పుడు ఫ్లోరిన్ ఉన్న ద్రవాలు రాసేవాళ్లు, వాటికి నీరు అస్సలు అంటేది కాదు. ప్రకృతిలో ఎంతకీ నశించని రసాయనాలు కనుక అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి ఫ్లోరిన్‌ని పూర్తిగా నిషేధించింది. నిషేధం సరైనదే, అందులో నాకు రెండో మాట లేదు. కాకపోతే ఇప్పుడు దొరికే ద్రవాలు నా అనుభవంలో అంతసేపు నిలవడం లేదు. శ్రద్ధగా రాసుకున్నాక అలాంటి వాతావరణంలోనే చేసిన శిక్షణలో పట్టీ కొద్దిగా బరువెక్కింది గాని దిమ్మ కట్టలేదు. లోయ నుంచి అంత పైకి ఎక్కే దారి మాత్రం మళ్లీ తగల్లేదు, అంచేత పూర్తిగా తీరిందని చెప్పలేను.

మొదట చెప్పిన మాటకి కూడా ఒక సవరణ ఉంది. పగలు కరిగి రాత్రి గడ్డకట్టి అద్దమైపోయిన ట్రాకు మీద, వసంతం ఉదయాల్లో, కాలు జారుతుంది. వెంట్రుకకి అక్కడ దిగబడే చోటు దొరకదు. అలాంటి మంచు మీద క్లిస్టర్‌కి (జిగురులాంటి వ్యాక్స్) సాటి లేదు, చేతులకీ బట్టలకీ ఎంత అంటుకున్నా సరే. ఒక పోటీకి అందుకే క్లిస్టర్ వేసిన పాత జత తీశాను. మొదటి ఎక్కుడులోనే వింతగా అనిపించింది, వ్యాక్స్ బాగానే ఉంది గాని కిక్ (కాలితో కిందికి నొక్కి తోసే తోపు) ఆలస్యంగా పడుతోంది. కోచ్ వీడియో చూసి చెప్పింది: స్కిన్ కొంచెం ఆలస్యమైన కిక్‌ని కూడా పట్టేసుకుంటుంది, ఆ అలవాటు కాలికి ఎక్కుతుంది. వెనక్కి జారడానికి కారణం స్కిన్ మీద తేటగా తెలుస్తుందని నేను మురిసిపోయిన మాట నిజమే, కానీ అది పెద్ద లోపాలకే. చిన్నవాటిని స్కిన్ కప్పేస్తుంది. అప్పటి నుంచి వారంలో ఒక శిక్షణ వ్యాక్స్ మీద పెట్టుకున్నాను.

స్వీడన్‌లోని వాసలోపెట్ లాంటి 90 కిలోమీటర్ల పోటీల్లో ముందు వరసవాళ్లు పాదం కింద ఏ పట్టూ లేకుండా, మొత్తం డబుల్ పోలింగ్‌తోనే, అంటే రెండు చేతికర్రలతో ఒకేసారి తోసుకుంటూ, లాగిస్తారు. అంత భుజబలం ఉన్నవాళ్లకి ఈ సమీక్షతో పని లేదు. క్లాసిక్‌లో పోల్ (చేతికర్ర) పొడవు బూట్లతో కలిపి ఎత్తులో 83 శాతం దాటకూడదని సమాఖ్య నియమం తెచ్చింది కూడా, డయాగొనల్ స్ట్రైడ్ (ఒక కాలు, ఎదుటి చెయ్యి కలిపి వేసే అడుగు) బతకాలనే. నాకు ఆ స్ట్రైడే ఇష్టం, ఈ స్కీలు నచ్చడానికి అదీ ఒక కారణం.

నా పరిస్థితి వేరు: ఉద్యోగం, చీకటి ఉదయాలు, వ్యాక్స్ చూసిపెట్టే మనిషి లేకపోవడం, సీజనంతా పెద్దగా మారని బరువు. బరువు అటూ ఇటూ అయ్యేవాళ్లయితే కొనేముందు వంపుని బరువుతో కొలిపించుకోండి, ఈ స్కీలకి అదే ప్రాణం. అరువు తెచ్చుకున్న జత మీద పరీక్షించి తీర్పు చెప్పకండి. క్లబ్బులో వ్యాక్స్ సాయం దొరికేవాళ్లకి, ఎప్పుడూ గట్టి చలి ఉండే చోట పోటీ పడేవాళ్లకి, ఇంత ఖర్చు అవసరం లేకపోవచ్చు.

పట్టీ ముందు అంచు అరిగింది, శరదృతువులో కొత్తది అతికిస్తాను. వచ్చే సీజన్ శిక్షణకి మళ్లీ ఇవే. పోటీ రోజున సున్నా దగ్గర ఊగుతుంటే మాత్రం ముందు దారి ఎంత పైకెక్కుతుందో చూసి, అప్పుడు జత ఎంచుకుంటాను.