రేడియాలజీనా, జనరల్ మెడిసినా?

ఎంబీబీఎస్ ఫస్టియర్లో మన గోదావరి జిల్లాల పిల్లల్ని అడగండి, సర్జనో కార్డియాలజిస్టో అవుతామంటారు, అదే పిల్లలు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్సీ చేసి నైట్ డ్యూటీలు చూశాక మాట మారిపోద్దండి. స్కాన్లూ ఎక్స్‌రేలూ చూసి చెప్పే రేడియాలజీ, మందులతో వైద్యం చేసే జనరల్ మెడిసిన్, రెండూ ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీలే, కానీ రేడియాలజీలో అక్కడితో చదువు ఆపేసినా బండి నడుస్తుంది, నిద్ర కూడా కాస్త మిగులుద్ది, అందుకే పీజీ సీట్ల ఎంట్రెన్సు నీట్ పీజీలో మంచి ర్యాంకులొచ్చినోళ్లు చాలామంది ముందు అటే చూస్తున్నారు. సొంతంగా స్కానింగ్ సెంటర్ పెట్టాలంటే మాత్రం మెషీన్లకే బోలెడు అప్పు, పైగా కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించిన 1994 చట్టం కింద రిజిస్ట్రేషన్, ప్రతి గర్భిణి స్కానుకీ ఫారం ఎఫ్ అనే రికార్డు నింపాలి.

జనరల్ మెడిసిన్ దారి వేరు. కార్డియాలజీ, నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) కావాలంటే ఎండీ మీద ఇంకో మూడేళ్లు డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు, అప్పటికి ముప్ఫై దగ్గరపడతాయి, ఇంట్లో పెళ్లి గొడవ ఒకటి. అయినా అమలాపురంలోనో రాజోలులోనో చిన్న గది, స్టెతస్కోపు, బీపీ మిషనుతో మొదలెట్టేయొచ్చు, షుగరు, బీపీ పేషెంట్లు ఏళ్ల తరబడి మనల్నే వెతుక్కుంటూ వస్తారు, వానాకాలం జ్వరాలు సరేసరి. లంక ఊరి నుంచి పడవెక్కొచ్చిన పెద్దాయనకి ముందు కావాల్సింది చెయ్యి పట్టుకు చూసే ఫిజీషియనే, నాకందులో అనుమానం లేదు. మనుషులతో మాట్లాడే ఓపికుంటే మెడిసినే తీసుకోండి. కనీసం మెడిసిన్ వార్డు పోస్టింగ్ అయ్యేదాకా ఏదీ తేల్చేసుకోకండి.