ఆత్మరక్షణకని మడత చాకు కొంటున్నారా? ముందు దాని లాక్ సంగతి వినండి

బెజవాడ, గుంటూరులో రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకి ముఖ్యంగా చెబుతున్నా. ‘సెల్ఫ్ డిఫెన్స్’ అని ఆన్‌లైన్లో అమ్మే చవక మడత చాకులు కొనకండి.

మా బాబాయి కొడుకు గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా. సీజన్లో పని ముగిసేసరికి బాగా పొద్దుపోతుంది, ఆ తర్వాత బెజవాడ బస్సెక్కి ఇల్లు చేరాలి. ఆ టెన్షన్‌తోనే ఒకటి తెప్పించుకున్నాడు. డబ్బా మీద పులి బొమ్మ, బ్లేడు మీద ‘440’ అని (ఒక రకం స్టీలు పేరు) ముద్ర. ఇంట్లో అట్టపెట్టె కోస్తుంటే బ్లేడు ఉన్నట్టుండి మడుచుకుపోయి చూపుడువేలు తెగింది, కుట్లు పడ్డాయి. అట్టపెట్టె దగ్గరే ఇలా చేసింది, పెనుగులాటలో ఏం చేస్తుందో మీరే చెప్పండి.

విప్పి చూశాం. ఈ రకంలో పిడి లోపల సన్నటి రేకు ఒకటి ఉంటుంది. బ్లేడు తెరవగానే అది పక్కకి జరిగి బ్లేడు మొదట్లో అడ్డం నిలవాలి. లాక్ అంటే ఆ రేకే, ఇంకేం లేదు. మాకొచ్చినదాంట్లో అది అంచుకి మాత్రమే ఆనుతోంది, బ్లేడు తిరిగే మేకు కూడా వదులు. పదును లేని వైపు కాస్త ఒత్తిడి పడితే రేకు జారిపోతుంది, బ్లేడు వేళ్ల మీద పడుతుంది.

మంచి లాక్ ఉన్నదైనా, జేబులోంచి తీసి చెమట చేత్తో తెరిచేలోపు ఎదుటివాడు మీదకొచ్చేస్తాడు. పిడికీ బ్లేడుకీ మధ్య అడ్డు లేకపోతే జారేది మన చెయ్యే. వాడు లాక్కున్నాడా, ఇక అంతే.

ప్రకటనలో ‘లైసెన్స్ అక్కర్లేదు’ అని పెద్ద అక్షరాలు. దగ్గర ఉంచుకోవడం వేరు, మనిషి మీద వాడటం వేరు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఆత్మరక్షణ హక్కు ఉంది, కానీ అవసరానికి మించి హాని చేస్తే అది వర్తించదని 37లోనే రాసి ఉంది. పర్సు లాక్కుని పారిపోతున్నవాడిని పొడిస్తే కేసు మన మీదే పడొచ్చు. (ఇది మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు.)

మావాడు ఇప్పుడు తోటి గుమాస్తాతో కలిసి బస్టాండుకి వస్తున్నాడు, ఫోన్లో 112 సిద్ధంగా పెట్టుకున్నాడు. అమ్మినవాడేమో ‘పదునైన వస్తువు, వాపసు లేదు’ అంటున్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం, ఇంకా తేలలేదు. బిల్లు, ఆర్డర్ నంబరు అడిగారు. ఇప్పటికే కొన్నవాళ్లు అవి పారేయకండి.