తల ఊపాలా, పేపరు ఊపాలా?
హనుమకొండ వేయిస్తంభాల గుడిలో నంది మీద చూపు నిలిపి, తలను అడ్డంగా గబగబా ఊపండి. నంది కదలదు. ఇప్పుడు తల నిలిపి, చేతిలోని పేపరును అంతే వేగంగా ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. చుట్టుపక్కలవాళ్లు వింతగా చూస్తే నా పూచీ లేదు.

మొదటిది చెవి పని. లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళాల్లో ఉండే ద్రవం, తల తిరగగానే జడత్వం వల్ల వెనకబడుతుంది. ఆ తోపుకు రోమకణాల మీది సన్నని వెంట్రుకలు వంగి, ఆ కణాలు సంకేతం పంపుతాయి. మూడే నాడీకణాల అడ్డదారి గుండా అది కంటి కండరాలను చేరుతుంది. సుమారు 10 మిల్లీసెకన్లలో కళ్లు తలకు ఎదురు దిశలో తిరుగుతాయి, చీకట్లో కూడా.

పేపరును వెంబడించే చూపుకైతే సంకేతం రెటీనా నుంచి మస్తిష్క వల్కలం (మెదడు పైపొర) దాకా వెళ్లి కంటి కండరాలకు తిరిగి రావాలి. దాదాపు 100 మిల్లీసెకన్లు పడుతుంది.

అయితే కాజీపేట ప్లాట్‌ఫారం నుంచి మెల్లగా కదిలే రైలును చూడటానికి ఈ రెండోదే కావాలి.

నా మటుకు చెవిదే పైచేయి. రెండు చెవుల్లోనూ ఆ వ్యవస్థ దెబ్బతిన్నవారికి నడుస్తుంటే లోకమంతా ఎగిరెగిరి పడుతుంది. దుకాణం బోర్డు చదవాలన్నా ఆగాల్సిందే.