పారిస్‌లో మా వదిన సౌందర్య సామగ్రి: రెండు షాపులు, రెండు బిల్లులు

పారిస్‌లో ఉన్న ఆరు రోజుల్లో చూడవలసినవన్నీ ఏ ఇబ్బందీ లేకుండా చూశాము. నేను రాయదలచుకున్నది అక్కడి మందుల షాపుల గురించి, ముఖ్యంగా మొదటి రోజే మమ్మల్ని నిలువునా ముంచిన ఒక షాపు గురించి.

మా వదిన హైదరాబాదులో బయలుదేరినప్పుడే ఒక చీటీ రాసుకుంది: ముఖం తుడుచుకునే బయోడెర్మా సెన్సిబియో, ఎంబ్రియోలిస్ క్రీము, న్యూక్స్ నూనె, పగిలిన చర్మానికి రాసే లా రోష్ పోజే వారి సికాప్లాస్ట్. ఈఫిల్ టవర్ చూసి వస్తూ, దగ్గరలో ఆకుపచ్చ ప్లస్ గుర్తు మెరుస్తున్న మొదటి షాపులోకే దూరిపోయాము. గులాబీ మూత ఉన్న 500 మిల్లీలీటర్ల బయోడెర్మా సీసా 19.90 యూరోలు, ఎంబ్రియోలిస్ 24.50, నూనె 38, సికాప్లాస్ట్ చిన్న ట్యూబు 13.90, వెరసి 96.30. వంద దాటితే పన్ను వాపసు కాగితం ఇస్తామని కౌంటరులోని అమ్మాయి చెప్పడంతో, అవసరం లేకపోయినా 7.90 పెట్టి పెదవుల బామ్ కూడా తీసుకున్నాము. కార్డు గీకిన తరువాత గాని ఆ కాగితం ఇచ్చే యంత్రం పనిచేయడం లేదన్న సంగతి ఆమెకు గుర్తుకు రాలేదు. సామాను వెనక్కి తీసుకోమంటే తల అడ్డంగా ఊపింది. ఆ సాయంత్రమంతా వదిన నాతో ముభావంగానే ఉంది, మావారు మాత్రం "బామ్ బాగుందా, అక్కా?" అని అడిగి మరీ తిట్లు తిన్నారు.

మూడో రోజున మా బస ఉన్న పదిహేనో వార్డులో, పాలు కొనడానికి వెళ్తూ, ఒక చిన్న ఫార్మసీ అద్దంలో అవే సీసాలు చూశాను. అవే నాలుగు వస్తువులు, అవే పరిమాణాలు: 10.90, 15.50, 25.90, 7.50, మొత్తం 59.80. అంటే మొదటి షాపులో 36.50 యూరోలు, మన లెక్కన మూడు వేల పైచిలుకు, ఊరికే పోశామన్నమాట. ఇలాంటి క్రీములకు ఎవరి ధర వారిదే కాబట్టి, పర్యాటకులు తిరిగే వీధిలో కొనకండి, రెండు వీధులు నడవండి. ర్యూ ద్యు ఫూర్ అనే వీధిలోని సిటీఫార్మా అనే ఫార్మసీ చవక ధరలకు పేరు పొందింది గాని, రద్దీకీ అంతే పేరుంది. వెళ్లేవారు పొద్దున్నే వెళ్లాలి.

ఆ చిన్న షాపులోని పెద్దావిడను మాత్రం మరచిపోలేను. ఫ్రాన్సులో పారాసెటమాల్ మాత్ర కూడా ఫార్మసీలోనే కొనాలి. అడవిలో ఏరుకొచ్చిన పుట్టగొడుగులు తినవచ్చునో లేదో కూడా జనం ఫార్మసిస్టునే అడుగుతారట. వదినను అక్కడికి తీసుకెళ్తే, ఆవిడ చీటీ చదవడానికి ముందు వదిన చేతులు చూసింది. గిన్నెల సబ్బుకు పగిలిన వేళ్ల మీద సికాప్లాస్ట్ బఠాణీ గింజంత పిండి, తెల్లగా చిక్కగా ఉన్న దానిని తానే రుద్ది, రాత్రి పడుకునే ముందు రాసుకొమ్మని సైగ చేసింది. వదిన విటమిన్ ఎ ఉండే ఏ-313 లేపనం అడిగితే వెంటనే ఇవ్వలేదు. ఎండలో తిరిగేవారు సన్‌స్క్రీన్ లేకుండా అది వాడకూడదనీ, గర్భిణులు అసలే ముట్టుకోకూడదనీ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. ఆ తరువాత ఆంతెలియోస్ సన్‌స్క్రీన్‌లలో రెండు రకాలు తెచ్చి నా ముంజేతి మీద రాసింది. ఒకటి మన చామనచాయ మీద సున్నం పూసినట్టు తేలింది, పలుచగా నీళ్లలా ఉన్నది మాయమైంది. రెండోదే కొన్నాను. సిఫారసు చేయమంటే నేను మొదట చెప్పేది దాని పేరే. న్యూక్స్ నూనె వాసన బాగుంటుంది గాని, మన ఉక్కపోతకు జిడ్డే.

చుట్టాలకు పంచేవాటితో కలిపి అక్కడ బిల్లు 118.40 అయింది. పాస్‌పోర్టు చూపగానే వాపసు కాగితం వచ్చింది. విమానాశ్రయంలో పెట్టె చెక్-ఇన్ చేయక ముందే వాపసు కాగితాలను నమోదు చేసే పాబ్లో యంత్రం దగ్గరకు వెళ్లి, ఆ కాగితం మీది బార్‌కోడ్ చూపించాలి, ఎందుకంటే కస్టమ్స్ వారు సామాను చూపమని అడగవచ్చు. పన్ను 20 శాతమైనా వాపసు ఇప్పించే మధ్యవర్తి సంస్థ రుసుము పోగా చేతికి వచ్చేది తక్కువే; మాకు 14 యూరోలు వచ్చాయి. వంద మిల్లీలీటర్లు దాటిన సీసాలు చేతిసంచిలో రానివ్వరు కాబట్టి, వదిన తన పట్టుచీర పక్కన వాటికి చోటు చేయక తప్పలేదు. నూనె సీసా మూతకు మాత్రం మూడు చుట్లు టేపు వేయించింది.