నీటి సంస్థకు పెద్దగా ఎవరైతే మేలు: ఇంజినీరుగారా, శివారు రైతా, పంతులమ్మగారా?

మా సంస్థ చాలా చిన్నది. 2001 సొసైటీల చట్టం ప్రకారం రిజిస్ట్రేషనుకి ఏడుగురు ఉండాలి కాబట్టి ఏడుగురం సంతకాలు పెట్టాం. అందులో ఇద్దరు సంతకం పెట్టిన రోజు తరవాత మళ్లీ కనపడితే ఒట్టు. చేసే పని కూడా రెండు ముక్కలే. బళ్లకి వెళ్లి మన కాలువల సంగతి, చేలల్లో మిగిలిన నీరు తీసుకుపోయే మురుగు కాలువల సంగతి పిల్లలకి చెప్పడం ఒకటి. వరి వేసేవాళ్లనీ, రొయ్యల చెరువుల వాళ్లనీ, వేసవిలో బిందె పట్టుకుని నిలబడేవాళ్లనీ ఒకచోట కూచోబెట్టి మాట్లాడించడం రెండోది. మొదటి అధ్యక్షులవారు మనవల దగ్గరికని బెంగళూరు వెళ్లిపోయారు. ఆ కుర్చీలో ఎవర్ని కూచోబెట్టాలా అని నెలరోజులు కొట్టుకున్నాం. గోదావరి డెల్టాలో ఇలాంటి సంఘం పెట్టుకుందామనుకునే వాళ్లకి పనికొస్తుందేమోనని ఆ గొడవంతా రాస్తున్నాను. నేనూ ఒక ఓటు వేశాను కాబట్టి తటస్థుణ్ణని అనుకోకండి.

"ఇందులో ఆలోచించడానికేముంది, నీళ్ల పని కాబట్టి ఇంజినీరే ఉండాలి" అన్నవాళ్లు మొదట్లో ఎక్కువమంది. కానీ దేశంలో నీళ్ల పని చేసి పేరు తెచ్చుకున్నవాళ్లని చూస్తే చదువుని బట్టి ఏమీ తేలదు. రాజేంద్ర సింగ్ చదివింది ఆయుర్వేదం. 1985లో రాజస్థాన్‌లోని ఆల్వార్ జిల్లాకి వెళ్లి వాననీటి కట్టలు కట్టించాడు, 2001లో మెగసెసే అవార్డు వచ్చింది. మహారాష్ట్రలో 1972 కరువు చూసి పానీ పంచాయతీ మొదలుపెట్టిన విలాస్‌రావు సాలుంఖే ఇంజినీరే. అయినా ఆయన పేరు నిలబెట్టింది కట్టడం కాదు, ఒక పంపకం సూత్రం. నీళ్లు ఉన్న భూమిని బట్టి కాదు, ఇంట్లో ఉన్న మనుషుల లెక్కన ఇవ్వాలన్నాడు. వైద్యం చదివినాయన కట్టలు కట్టాడు, ఇంజినీరు పంపకాలు చూశాడు.

పైగా వాళ్లవి నీళ్లు లేని ఊళ్లు. అక్కడ ఊరంతా ఒక పక్షం, కరువు ఒక పక్షం. మనకి ఆ అదృష్టం లేదు (అదృష్టమని ఎందుకన్నానో కాస్త ముందుకెళితే మీకే తెలుస్తుంది). 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మనకి నీళ్లున్నాయి. ధవళేశ్వరం కింద మూడు డెల్టాలూ కలిపి దాదాపు 10 లక్షల ఎకరాలు. మన తగువు నీళ్లు లేక కాదు. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, మురుగు దిగక చేను మునుగుతుంది. దాళ్వాలో, అంటే రెండో పంటలో, వంతు వచ్చేసరికి కాలువ చివరనున్న శివారుకి చుక్క అందదు. కాలువ కట్టేసే లోపు మంచినీటి చెరువు నింపుకోకపోతే వేసవంతా ట్యాంకరే దిక్కు. ఎగువవాడు వదిలేసిన నీరు దిగువవాడికి ముంపు, ఒకడి రొయ్యల చెరువు నీరు పక్కవాడి నారుమడికి గండం. ఇక్కడ పక్షాలు ఊరి లోపలే ఉంటాయి.

ముందు ఇంజినీరుగారి సంగతి. ముప్ఫై ఏళ్లు కాలువల మీద చేసి రిటైరయ్యారు. ఆయన చెప్పే లెక్కలు వింటుంటే రోజూ చూసే కాలువే కొత్తగా కనిపిస్తుంది. క్యూసెక్కు అంటే సెకనుకి ఘనపుటడుగు, 28 లీటర్ల చిల్లర. రోజంతా పారితే 24 లక్షల 46 వేల లీటర్లు. ఎకరం మడిలో రెండంగుళాల నీరు పెట్టాలంటే 2 లక్షల లీటర్ల పైమాట. అంటే ఒక క్యూసెక్కు రోజల్లా పారితే తడిసేది పన్నెండెకరాలు, అదీ దారిలో చుక్క పోకపోతే. "పోకుండా వచ్చేది కాయితం మీదేనండీ" అని ఆయనే నవ్వుతారు.

వరదలొచ్చినప్పుడు ఆయన విలువ ఇంకా తెలుస్తుంది. టీవీలో భద్రాచలం దగ్గర యాభై అడుగులంటే మా లంకల్లో ఆడవాళ్లు బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించేస్తారు. అక్కడి హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75. ఒకే వరదకి రెండు కొలబద్దలు, ఒక్కోదాని సున్నా ఒక్కోచోట. మనం చూసుకోవలసింది రెండోది. ఈ ఒక్క ముక్క గోడ మీద రాయించినందుకే మా సంస్థకి ఊళ్లో మొదటిసారి మర్యాద దక్కింది, ఆ పుణ్యం ఆయనదే. 1986 వరదని కళ్లారా చూసిన మనిషి కాబట్టి నంబర్ల వెనక ఏముందో ఆయనకి తెలుసు.

మరి చిక్కెక్కడంటే, ఆయన దగ్గర ప్రతి ప్రశ్నకీ జవాబుంది. ఒకసారి లాకుల దగ్గర మీటింగులో ఒకాయన లేచి "మా బోదెకి నీళ్లెందుకు ఎక్కట్లేదండీ" అన్నాడు (బోదె అంటే చేలోకి నీళ్లు తెచ్చే పిల్లకాలువ). ఇంజినీరుగారు తూము సైజు చెప్పారు, వాలు చెప్పారు, కాలువలో పెరిగిన తూడు తీయకపోతే ప్రవాహం ఎంత తగ్గుతుందో చెప్పారు. అన్నీ నిజాలే. అడిగినాయన అంతా విని, "అయితే ఎప్పుడొస్తాయంటారు?" అన్నాడు. రిటైరై ఆరేళ్లయినా జనం కళ్లకి ఆయన ఇంకా ఆఫీసరే. మీటింగుకి అర్జీలు రాసుకొచ్చి చేతిలో పెడతారు. చెరువుల వాళ్లయితే ఎదురుగా కూచుని నోరు విప్పరు, ఏమంటే ఏ కాయితంలోకి ఎక్కుతుందోనని.

శివారు రైతు విషయంలో నా మనసు కాస్త ఊగింది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టినప్పుడు ఆయన అందులో ఉన్నాడు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసేదాకా వెళ్లిన వ్యవహారం అది. ఆయన మాట్లాడితే జనం సెల్‌ఫోన్లు జేబులో పెట్టుకుంటారు. ఒకసారి సంచిలోంచి వరి కంకులు తీసి బల్ల మీద పరిచాడు. మునిగిన చేలో పడిపోయి, కంకి మీదే మొలకెత్తిన గింజలు, పచ్చటి మొలకలు వేలెడంత. "ఇది వరా, నారా? మీరే చెప్పండి" అన్నాడు. అంతకంటే ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

అయినా వద్దనే అన్నాను. ఆయన చేను తగువంతా నడిచే మురుగు కాలువ పక్కనే. ఆయన పెద్దగా కూచున్న మీటింగుకి చెరువుల వాళ్లు రారు, వచ్చినా ముద్దాయిల్లా వస్తారు. ఇంకొకటి, రైతులు నడపాల్సిన సంఘాలు చట్టంలోనే ఉన్నాయి. 1997లో వచ్చిన చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి, 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలూ జరిగాయి. రైతు గొంతుకి ఆ వేదిక ఉండగా మేమూ రైతునే పెద్దని చేస్తే, "ఓహో, అక్కడ రాలేదని ఇక్కడ కూచున్నాడు" అంటారు. మన ఊళ్ల సంగతి తెలీనిదేముంది, మూడోరోజుకల్లా ఏ పార్టీ అని కూడా అడుగుతారు.

హైదరాబాదులో ఇలాంటి సంస్థల్లో చేసి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు. ప్రాజెక్టు రిపోర్టులు బ్రహ్మాండంగా రాస్తాడు, విరాళాలకి పన్ను రాయితీ ఇప్పించే 80జీ కాయితాలన్నీ వాడే చూస్తాడు. కానీ బోదెకీ మురుగు కాలువకీ తేడా మొన్నీమధ్యే తెలిసింది. వాణ్ణి కార్యదర్శిని చేశాం, జీతం ఇచ్చి. అక్కడ వాడే మేలు.

ఇక పంతులమ్మగారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆవిణ్ణి అనుకున్నప్పుడు నాకో భయం ఉండేది, అది బళ్ల కార్యక్రమాలకి పట్టిన జబ్బు గురించి. మార్చి 22 వస్తే జలదినోత్సవం అని చిత్రలేఖనం పోటీ పెట్టడం, కొళాయి కింద ఏడుస్తున్న భూగోళం బొమ్మకి మొదటి బహుమతి ఇవ్వడం, అంతటితో సరి. ఆవిడ మొదటి ఏడాదే ఆ పోటీ ఎత్తేశారు. బదులుగా తొమ్మిదో తరగతి పిల్లల్ని పి.గన్నవరం తీసుకెళ్లి అక్విడక్టు ఎక్కించారు. కింద గోదావరి పాయ వైనతేయ, పైన కాలువ. నది మీదుగా ఇంకో నీరు వెళ్లడం రోజూ బస్సులోంచి చూసే పిల్లలే, ఆగి చూడ్డం మాత్రం అదే మొదలు. కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు ఎందుకు పెట్టారో కూడా అక్కడే చెప్పారు. ఆకలన్నవాడికి అన్నం పెట్టినావిడ పేరు నీళ్లు పట్టుకెళ్లే వంతెనకి పెట్టడం నాకైతే మహా బావుంటుంది.

కానీ ఆవిడకి నా ఓటు పడింది పిల్లల పని చూసి కాదు, లాకుల దగ్గర జరిగిన ఒక సాయంత్రం చూసి.

వరి రైతు ఒకాయన, చెరువుల ఆయన ఒకాయన అప్పటికి ఏడాదిగా మాటల్లేవు. నా నారుమడి నీ ఉప్పునీటికే మాడిందని ఇతను, నా చెరువు నీరు అటు పోనేపోదని అతను. ఇద్దరూ ఆవిడ దగ్గర చదివినవాళ్లే. వాళ్లని పిలిచి, రెండు స్టీలు గ్లాసులూ, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే పెన్నులాంటి టీడీఎస్ మీటరూ బల్ల మీద పెట్టారు. "ఒరే, నువ్వెళ్లి వాడంటున్న మురుగు కాలువలో ముంచుకురా. నువ్వు కాలువలో ముంచుకురా" అన్నారు, ఇద్దర్నీ తారుమారు చేసి. ముందు మంచినీటి కాలువ గ్లాసు. పెన్ను 180 దగ్గర ఆగింది. తాగే నీటికి 500 లోపుంటే మంచిదనీ, వేరే గతి లేని చోట 2000 దాకా ఒప్పుకుంటారనీ ఆవిడ బోర్డు మీద రాశారు. తరవాత మురుగు కాలువ గ్లాసు. పెన్ను 312 చూపించింది.

"చూశారా టీచరుగారూ, 312! తాగొచ్చు కూడా" అన్నాడు చెరువుల ఆయన.

పక్కన నిలబడ్డ పిల్ల ఒకతి, ఎనిమిదో తరగతో తొమ్మిదో, వంగి చూసి, "మేడమ్, మూలన చిన్నగా ఇంటూ పది అని ఉందండీ" అంది.

3120. ఎవరూ మాట్లాడలేదు. వరి ఉప్పుని ఓర్చుకోదు, నారు దశలోనూ పూత దశలోనూ మరీనూ. ఇక్కడ ఇంజినీరుగారైతే జవాబు చెప్పేసేవారు. రైతైతే "నే చెప్పలా!" అని లేచేవాడు. ఆవిడ మాత్రం చెరువుల ఆయన వైపు తిరిగి, "నీకేమనిపిస్తోందిరా?" అన్నారు. అతను చాలాసేపటికి, "కాలువ సముద్రంలో కలిసే మొగ పూడిపోయిందండీ. పోటు వచ్చినప్పుడు సముద్రం నీరు ఎగదన్నుతోంది. అంతా నా చెరువుదే అనకండి" అన్నాడు. అబద్ధమేమీ కాదు. మా వైపు మొగల సంగతి అందరికీ తెలుసు. అప్పుడు ఆవిడ వెనక వరసలో కూచున్న ఇంజినీరుగారిని అడిగారు. "పోటులోనూ, సముద్రం వెనక్కి తగ్గే పాటులోనూ విడివిడిగా కొలవాలి, అదీ చెరువు తూముకి ఎగువనా దిగువనా, వారం రోజులు" అన్నారాయన. ఎవరు కొలవాలన్నది ఇద్దరూ వాళ్లలో వాళ్లే పంచుకున్నారు. ఏడాదిలో వాళ్లు ఒకరితో ఒకరు అన్న మొదటి మాట "రేపు పొద్దున్న పోటు ఎన్నింటికి?"

సరైన జవాబు ఇంజినీరుగారిదే. ఆయనే కుర్చీలో ఉంటే అది మొదటి నిమిషంలో వచ్చేసేది, గ్లాసు ముంచడానికి ఎవరూ కదిలేవారు కాదు. ఇలాంటి సంస్థ పెద్దకి అన్నీ తెలియక్కర్లేదు, ఆవిడ ముందు తప్పొప్పుకుంటే పరువు పోదనిపించాలి అని నేను వాదించింది ఇందుకే. ఆ కాలువ మీద ఆవిడకి సెంటు భూమి లేదు, చెరువూ లేదు. ఈ మాట మా ఎంపికలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది.

ఆవిడ లోపాలు లేవనను. లెక్కలు తప్పుతారు. ఒక మీటింగులో టీఎంసీకి కోటి ఘనపుటడుగులనేశారు. వంద కోట్లని ఇంజినీరుగారు నిలబడి సరిదిద్దారు. జమాఖర్చులంటే చిరాకు. అన్నిటికంటే పెద్ద చిక్కు, గట్టిగా చెప్పాల్సిన చోట వాయిదా వేస్తారు. కాలువ గట్టు ఆక్రమించినవాళ్ల సంగతి మూడు మీటింగుల నుంచీ "వచ్చేసారి చూద్దాం" లోనే ఉంది. అక్కడ శివారు రైతుంటే ఈపాటికి తేల్చేసేవాడు, కాకపోతే సగంమంది లేచి వెళ్లిపోయేవాళ్లు.

పంతులమ్మగారికి ఓట్లు నాలుగు, ఎదురు ఒకటి. ఇంజినీరుగారికి కష్టం కలిగింది, రెండు నెలలు మొహం చూపించలేదు. జులైలో గోదావరి ఎర్రబడగానే గోడ మీద అంకెలు వెలిసిపోయాయని డబ్బా రంగు పట్టుకుని ఆయనే వచ్చారు.

కనపడకుండా పోయిన ఇద్దరిలో ఒకరు రాజీనామా పంపారు కాబట్టి ఏడో కుర్చీ ఖాళీ. చెరువుల వాళ్లలోంచి ఒకరుండాలని ఆ గ్లాసు ముంచినాయన్నే అడిగాం. "ముందు మా మిగతా చెరువులు కూడా కొలవండి. నా ఒక్కడిదే కొలిచి ఊరుకుంటే నేను రాను" అన్నాడు. ఆదివారం వెళుతున్నాం. పాటు పొద్దున్న ఆరున్నరకట.