పగటికి టీవీ, రాత్రికి ప్రొజెక్టర్: మా హాల్లో నాలుగేళ్లు

2023 నవంబరు 19, ప్రపంచకప్ ఫైనల్. మ్యాచ్ మధ్యాహ్నం 2 గంటలకు. హైదరాబాద్ నిజాంపేటలోని మా ఫ్లాట్‌కు మరిది కుటుంబం, మా వారి స్నేహితులు కలిసి పన్నెండు మంది వచ్చారు. అందరికీ బాగా కనబడాలని 100 అంగుళాల తెర దించి ప్రొజెక్టర్ వేశాం. బాల్కనీ కర్టెన్లు మూసినా వాటి అంచుల్లోంచి, వంటింటి వైపు నుంచి వెలుతురు వస్తూనే ఉంది. మైదానం మొత్తం పాలిపోయింది. బంతి బ్యాటు దాటాక ఎటు పోయిందో తెలియడం లేదు. వెనక కూర్చున్న మామయ్యగారు "స్కోరెంతమ్మా?" అని అడిగాకే, కింద వేసే అంకెలు కూడా ఆయనకు కనబడడం లేదని నాకు తెలిసింది. పది ఓవర్లు కాకముందే తెర చుట్టేసి, దాని వెనకున్న 65 అంగుళాల టీవీ పెట్టాం. మనవాళ్లు 240కి ఆలౌటయ్యేసరికి బయట చీకటి పడుతోంది. మళ్లీ తెర దించితే అదే ప్రొజెక్టర్, అదే మైదానం, కళ్లకు నిండుగా కనబడింది.

పెద్ద టీవీ కొనాలా, ప్రొజెక్టర్ కొనాలా అని ఎవరు అడిగినా నేను ఈ ఫైనల్ సంగతే చెబుతాను. మీ ఇంట్లో ఏ వేళ చూస్తారో ముందు రాసుకోండి, అంగుళాల సంగతి తర్వాత చూడవచ్చు.

మేం 2021 దసరాకి టీవీ కొన్నప్పుడు నాకు ఈ తెలివి లేదు. 65 అంగుళాల టీవీ 78 వేలు చెప్పారు. అదే డబ్బుకు కాస్త మంచి ప్రొజెక్టర్, 100 అంగుళాల బొమ్మ వస్తాయి. 65 అంగుళాల తెర 4 అడుగుల 8 అంగుళాల వెడల్పు, 2 అడుగుల 8 అంగుళాల ఎత్తు ఉంటుంది. 100 అంగుళాలదైతే 7 అడుగుల 3 అంగుళాల వెడల్పు, 4 అడుగులకు కాస్త పైన ఎత్తు. అంటే ఒకటి పన్నెండున్నర చదరపు అడుగులు, రెండోది దాదాపు 30. ఆ లెక్క చూసి ప్రొజెక్టరే కొందామని నేను పట్టుపట్టాను. మా వారు మాత్రం "మధ్యాహ్నం అమ్మ సీరియల్ చూసేటప్పుడు హాలంతా చీకటి చేసుకుని కూర్చుంటుందా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో టీవీ ఇంటికొచ్చింది. ప్రొజెక్టర్ 2022 డిసెంబరులో, విడిగా డబ్బు కూడబెట్టుకుని కొన్నాం.

వెలుతురులో ప్రొజెక్టర్ ఎందుకు వెలవెలబోతుందో అర్థమైతే సగం గందరగోళం తీరిపోతుంది. ప్రొజెక్టర్ కాంతిని మాత్రమే వేయగలదు, నలుపును వేయలేదు. బొమ్మలో నల్లగా ఉండాల్సిన చోట అది ఏమీ వేయదు, అక్కడ మనకు కనిపించేది ఉత్త తెరే. గదిలో లైటు వెలుగుతుంటే ఆ తెర తెల్లగానే ఉంటుంది కదా. హీరో జుట్టు, రాత్రి ఆకాశం, నీడలు అన్నీ బూడిద రంగులోకి మారిపోతాయి. ల్యూమెన్లు, అంటే ప్రొజెక్టర్ వేసే వెలుగు కొలత, పెంచితే తెల్లటి చోట్లు ఇంకా వెలుగుతాయి కానీ నలుపు మాత్రం గదిని చీకటి చేస్తేనే వస్తుంది. అందుకే మేం ప్రొజెక్టర్‌కు పెట్టిన ఖర్చులో అన్నిటికంటే పనికొచ్చింది 9 వేలు పెట్టి కుట్టించిన మందపాటి బ్లాకౌట్ కర్టెన్లు.

ముందు టీవీ సంగతి. కొనేటప్పుడు షాపులో వేసే పూల వీడియోలు, చేపల వీడియోలు చూసి మోసపోకండి. షాపులో ప్రతి టీవీని మిరుమిట్లు గొలిపే సెట్టింగులో పెడతారు. ఒక పెన్‌డ్రైవ్‌లో చీకటి సీను ఒకటి, క్రికెట్ క్లిప్పు ఒకటి, మామూలు కేబుల్ చానల్లో వచ్చే స్థాయి వీడియో ఒకటి వేసుకెళ్లి మూడూ పెట్టించుకోండి. మూడోది మేం చూడలేదు, అక్కడే దెబ్బతిన్నాం. పెద్ద తెర మీద నాసిరకం సిగ్నల్ ఇంకా నాసిగా కనిపిస్తుంది. అత్తయ్య సీరియళ్లు పాత టీవీలోనే బాగుండేవని నెల రోజులు బాధపడ్డారు. ఆ చానళ్ల హెచ్‌డీ ప్యాక్ తీసుకున్నాక కుదుటపడింది.

ఎక్కడ కూర్చుని చూస్తారన్నది కూడా ముఖ్యమే. టీవీ తెర పలకను ప్యానెల్ అంటారు, మా టీవీలో ఉన్నది వీఏ రకం. ఎదురుగా కూర్చుంటే నలుపు చక్కగా ఉంటుంది, పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. అత్తయ్య కూర్చునే దివాన్ సరిగ్గా పక్కనే ఉంది. చివరికి దివాన్‌నే ఇటు జరిపాం. ఇంట్లో అందరూ నలుమూలలా కూర్చునేవాళ్లయితే ఐపీఎస్ ప్యానెల్ అడిగి తీసుకోవడం మేలు. దానిలో నలుపు కొంచెం తగ్గుతుంది కానీ పక్క నుంచి కూడా బొమ్మ చెడదు. క్యూఎల్‌ఈడీ అని రాసి ఉన్నా అది వెనక లైటు ఉండే ఎల్‌సీడీనే. ఓఎల్‌ఈడీలో మాత్రం ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే పూర్తిగా ఆరిపోతుంది, అందుకే ఆ నలుపు వేరు. కానీ రోజంతా ఒకే న్యూస్ చానల్, దాని లోగో ఒకే మూల కదలకుండా ఉండే ఇంట్లో ఓఎల్‌ఈడీ మీద అచ్చు పడే ప్రమాదం ఉంది. మా ఇల్లు అలాంటిదే, కాబట్టి నేను దాని జోలికి పోలేదు.

బిగించేటప్పుడు ఎత్తు గురించి గట్టిగా చెప్పండి. మాకు అందంగా ఉంటుందని 5 అడుగుల ఎత్తులో బిగించి వెళ్లారు. రెండు నెలలకే నాకూ మామయ్యగారికీ మెడనొప్పి. సోఫాలో కూర్చున్నప్పుడు కళ్లకు ఎదురుగా తెర మధ్యభాగం రావాలి, అంటే నేల నుంచి సుమారు మూడున్నర అడుగులు. మళ్లీ పిలిపించి కిందికి దింపించాం, గోడలో పాత రంధ్రాలు ఇప్పటికీ కనబడతాయి.

మూడేళ్ల నాలుగు నెలలకు టీవీ ఎడమవైపు ఒక పట్టీలా చీకటి పడింది. వారంటీ ఎప్పుడో అయిపోయింది. కంపెనీ తరఫున వచ్చినతను పది నిమిషాలు చూసి, ప్యానెల్ మార్చాలి, 46 వేలవుతుందన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 78 వేల వస్తువును అలా పారేయాలంటే ఎవరికి మనసొప్పుతుంది? తెలిసినవాళ్లు చెబితే పాత టీవీలు బాగుచేసే ఒక మెకానిక్‌ను పిలిచాం. ఆయన తెర విప్పి, ప్యానెల్ బాగానే ఉంది, వెనక బ్యాక్‌లైట్ ఎల్‌ఈడీ పట్టీలు పోయాయని చూపించాడు. 6,500 రూపాయలకు పట్టీలన్నీ కొత్తవి వేశాడు. ఇప్పటికీ పనిచేస్తోంది. బ్యాక్‌లైట్‌ను ఏళ్ల తరబడి నూటికి నూరు మీద పెట్టి వాడడం వల్ల ఆ ఎల్‌ఈడీలు వేడెక్కి త్వరగా పోతాయని ఆయనే చెప్పాడు. ఇప్పుడు పగలు 70, రాత్రి 45 మీద ఉంచుతున్నాం. పెద్ద టీవీకి మాత్రం ఎక్స్‌టెండెడ్ వారంటీ డబ్బు దండగ అనుకోకండి, తీసుకోండి.

టీవీలోని స్మార్ట్ సాఫ్ట్‌వేర్ మూడో ఏట నత్తనడకకు వచ్చింది. 4 వేలు పెట్టి టీవీకి గుచ్చే ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలిస్తే సరిపోయింది.

ఇక ప్రొజెక్టర్. మాది 1080పి, అంటే 1080 గీతల బొమ్మ వేసేది, లోపల మూడు చిన్న ఎల్‌సీడీలుండే 3ఎల్‌సీడీ రకం, దీపంతో పనిచేసేది, 62 వేలు. ఆన్‌లైన్‌లో 8 వేలకే 4కే (2160 గీతల) ప్రొజెక్టర్ అని కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి 4కే వీడియోను తీసుకోవడం మాత్రమే వచ్చు, తెర మీద వేసేది 720 గీతలో 1080 గీతలో. "నేటివ్ రెజల్యూషన్" అన్న మాట దగ్గర ఏ అంకె ఉందో అదే చూడండి. వెలుగు విషయంలోనూ అంతే, ఏఎన్‌ఎస్‌ఐ అనే ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ల్యూమెన్లు ఎన్నో చెప్పకుండా ఉత్త ల్యూమెన్లని వేలల్లో రాస్తే నమ్మకండి.

మన ఇళ్లలో ప్రొజెక్టర్‌కు మొదటి శత్రువు సీలింగ్ ఫ్యాను. మేం ముందు దాన్ని పైకప్పుకు వేలాడదీయించాం. స్విచ్చు వేయగానే ఫ్యాను రెక్కల నీడ తెర మీద టపటపా కొట్టుకుంది. మే నెలలో హైదరాబాద్‌లో ఫ్యాను ఆపి సినిమా చూడడం ఎవరివల్లా కాదు. చివరికి తెరకు ఎదురుగా ఉన్న గోడకు 7 అడుగుల ఎత్తులో ఒక చెక్క అర కొట్టించి, దాని అడుగున ప్రొజెక్టర్‌ను తలకిందులుగా బిగించాం. సెట్టింగుల్లో బొమ్మను తిప్పుకోవచ్చు. ఇప్పుడు కాంతి ఫ్యాను కింద నుంచి వెళ్తుంది. బొమ్మ వంకరగా వస్తే కీస్టోన్‌తో, అంటే వంకరను సాఫ్ట్‌వేర్‌తో సరిచేసే సెట్టింగుతో, సరిచేయకండి, స్పష్టత తగ్గుతుంది. ఓపిక పట్టి ప్రొజెక్టర్‌నే తెరకు సూటిగా బిగించుకోండి.

శబ్దం గురించి ఎవరూ చెప్పరు. ప్రొజెక్టర్ లోపలి స్పీకరు చాలా చిన్నది. బ్లూటూత్ సౌండ్‌బార్ పెడితే పెదవులు ముందు కదిలి మాట తర్వాత వచ్చింది. ప్రొజెక్టర్ నుంచి సౌండ్‌బార్ దాకా 10 మీటర్ల ఆడియో వైరు గోడ వెంట లాగించాకే మాట, పెదవి కలిశాయి.

పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ కట్టడం మొదలయ్యాక దుమ్ము సమస్య వచ్చింది. తెర మీద ఒకచోట గోధుమరంగు మచ్చ పడింది, లోపలికి దుమ్ము పోయిందట. శుభ్రం చేయించడానికి 2,500 అయింది. ఇప్పుడు రెండు నెలలకోసారి ఫిల్టరు నేనే తీసి తుడుస్తాను, వాడనప్పుడు గుడ్డ కప్పుతాను. ఇంకొకటి, గాలివానకు కరెంటు పోయే నగరం మనది. దీపం వేడిగా ఉండగా ప్రొజెక్టర్ లోపలి ఫ్యాను ఒక్కసారిగా ఆగిపోతే దీపానికి మంచిది కాదు. చిన్న యూపీఎస్ పెట్టుకున్నాం. దీపం గంటల మీటరు 950 దగ్గరుంది. 4 వేల గంటలకు పైగా వస్తుందని కంపెనీ లెక్క, కానీ వెలుగు ముందు నుంచే మెల్లగా తగ్గుతూ వస్తుంది. ఇవాళ కొనేవాళ్లు డబ్బుంటే లేజర్‌ది చూడండి, వాటి కాంతి 20 వేల గంటలు అంటారు. గోడకు అంగుళాల దూరంలో పెట్టే యూఎస్‌టీ రకాలకు ఫ్యాను బాధ లేదు గానీ, వాటికి ప్రత్యేకమైన తెర కూడా కొనాలి, అది ఖరీదు.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద, ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఒక్కటే కొనగలిగితే ఇప్పటికీ టీవీనే కొనమంటాను. మా ఇంట్లో టీవీ రోజుకు ఆరు గంటలు పనిచేస్తుంది, ప్రొజెక్టర్ వారానికి రెండు రాత్రులు.

కానీ ఆ రెండు రాత్రులను నేను వదులుకోలేను. సినిమాస్కోప్ సినిమా 65 అంగుళాల టీవీలో వేస్తే పైనా కిందా నల్లపట్టీలు పోను బొమ్మ ఎత్తు 2 అడుగులే. మా తెర మీద 3 అడుగులు, వెడల్పు 7 అడుగుల పైన. 2024 జూన్ 29న టీ20 ప్రపంచకప్ ఫైనల్ రాత్రి 8కి మొదలైంది. చివరి ఓవర్ మొదటి బంతికి సూర్యకుమార్ బౌండరీ దగ్గర బంతిని లోపలికి విసిరి, బయటికెళ్లి, మళ్లీ వచ్చి పట్టుకున్నప్పుడు తాడుకూ బూటుకూ మధ్య ఖాళీ మా హాల్లో చివరి వరుసకు కూడా కనిపించింది. మామయ్యగారు లేచి నిలబడ్డారు.

అత్తయ్యకు చాలాకాలం ఈ ప్రొజెక్టర్ నచ్చలేదు. ఒక శనివారం ఆమె కోసం పాత నలుపు తెలుపు సినిమా వేశాను. పాతకాలపు బొమ్మ వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ కాబట్టి తెర ఎత్తు 4 అడుగులూ నిండింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చిన్నప్పుడు మా ఊరికి టూరింగ్ టాకీస్ వచ్చేది, నేల మీద ముందు కూర్చునేవాళ్లం, ముఖాలు ఇంతింత కనబడేవి" అన్నారు. ఇప్పుడు శనివారం ఎనిమిది కాకముందే కర్టెన్లు వేసేది ఆవిడే.